వచ్చిన టీచర్ ఉండాలంటే: ఒక ఏజెన్సీ మండలం కేస్ స్టడీ (2019–2025)

2024 అక్టోబరు 16 ఉదయం మా మండల రిసోర్స్ సెంటర్ (ఎంఆర్‌సీ) వరండాలో రెండు రకాల టీచర్లు నిలబడి ఉన్నారు. పన్నెండు మంది డీఎస్సీ-2024లో ఎంపికై, ముందు రోజు కౌన్సెలింగ్‌లో మా మండలం బడులు తీసుకుని, జాయినింగ్ రిపోర్ట్ రాయడానికి వచ్చారు. ఇంకో ఏడుగురికి జూలైలోనే బదిలీ అయింది. వాళ్ళ స్థానంలో ఎవరూ రాకపోవడంతో రిలీవ్ కాలేక మూడు నెలలుగా ఎదురుచూస్తున్నారు. కొత్తవాళ్ళ సంతకం పడితే గానీ పాతవాళ్ళు కదలడానికి లేదు. వాళ్ళలో ఒకరు కొత్తగా వచ్చిన అమ్మాయి దగ్గరికి వెళ్ళి, బడి తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "పిల్లలు మంచోళ్ళే మేడం. వానాకాలం వాగు దగ్గర మాత్రం జాగ్రత్త" అని చెప్పి బస్సు కోసం పరుగెత్తారు. ఐదేళ్ళ ఉద్యోగం అప్పగింత అంతటితో అయిపోయింది.

తాళంచెవి పట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయి ముఖం చూస్తే నాకు భయం వేసింది. ఐదేళ్ళ కిందట ఇదే వరండాలో, వెళ్ళిపోతున్న ఆ టీచర్ ముఖం కూడా అలాగే ఉంది. అప్పుడు నేను ఆయనకు ఏం చేశానో గుర్తు చేసుకుంటే, జాయినింగ్ రిపోర్ట్ మీద సంతకం పెట్టి, బడి యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ఉండే గుర్తింపు నంబరు) కాగితం మీద రాసిచ్చి, ఏ ఆటో ఎక్కాలో చెప్పాను. అంతకుమించి చేసిందేమీ లేదు.

నేను జెడ్పీ హైస్కూల్ గెజిటెడ్ హెడ్‌మాస్టర్‌ని. దాంతో పాటు మండల విద్యాధికారిగా అదనపు బాధ్యత చూస్తున్నాను. కాబట్టి మండలంలోని ప్రాథమిక బడుల టీచర్లకు జీతాల బిల్లు పెట్టే డీడీవోని కూడా నేనే. మాది ఉమ్మడి ఆదిలాబాద్ ఏజెన్సీలోని మండలం. పేరు రాస్తే ఇక్కడ చెప్పే టీచర్లు ఎవరో తెలిసిపోతుంది కాబట్టి రాయడం లేదు. గోండు గూడేలు, కొలాం గూడేలు, కొన్ని లంబాడా తండాలు. మా శాఖ కింద 41 ప్రాథమిక బడులు ఉంటే, వాటిలో 18 బడులకు ఒక్కరే టీచర్. గిరిజన సంక్షేమ శాఖ ఆశ్రమ పాఠశాలలు వేరు, వాటి సంగతి ఇందులో లేదు. మండలం గురించి నేను చెప్పే అంకెలన్నీ నా రిజిస్టర్‌లోవి. వాటిని జిల్లాకో రాష్ట్రానికో అన్వయించకండి.

మొదటి బ్యాచ్

టీచర్ల నియామకం మా చేతిలో లేదు. ఉమ్మడి రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో మొదటి నియామక ప్రకటన 2017లో, 8,792 పోస్టులతో వచ్చింది. ఆ పరీక్ష రాసినవాళ్ళకు కోర్టు కేసులన్నీ దాటి 2019లో పోస్టింగులు దొరికాయి. తర్వాతి పెద్ద డీఎస్సీ 2024లో, 11,062 పోస్టులతో జరిగింది. రెండు నోటిఫికేషన్ల మధ్య ఆరేళ్ళకు పైగా ఖాళీ. ఇంత కాలంలో రిటైరైనవాళ్ళ చోట, ప్రమోషన్ మీద వెళ్ళినవాళ్ళ చోట 12,000 రూపాయల గౌరవ వేతనం మీద పనిచేసే విద్యా వాలంటీర్లే మా బడులను నిలబెట్టారు. కరోనా వచ్చాక వాళ్ళనూ కొనసాగించలేదు.

2019 చివర్లో మా మండలానికి తొమ్మిది మంది ఎస్జీటీలు (ప్రాథమిక తరగతుల టీచర్లు) వచ్చారు. అందరూ ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు, బాగా చదువుకున్నవాళ్ళు. బడి, పిల్లలు, దారి అలవాటు కావడానికి నాలుగు నెలలు పట్టింది. సరిగ్గా అప్పుడే 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మా గూడేల్లో టీవీ ఉన్న ఇళ్ళు తక్కువ, ఫోన్ సిగ్నల్ ఇంకా తక్కువ. టీచర్లు వారానికోసారి వచ్చి వర్క్‌షీట్లు ఇచ్చి వెళ్ళేవారు. 2021 సెప్టెంబరులో బడులు మళ్ళీ తెరిచేసరికి కాగితం మీద వాళ్ళకు దాదాపు రెండేళ్ళ సర్వీసు ఉంది. ఊరితో పరిచయం మాత్రం నాలుగు నెలల దగ్గరే ఆగిపోయింది.

అదే ఏడాది డిసెంబరులో 317 జీవో వచ్చింది. కొత్త జిల్లాలకు, కొత్త జోన్లకు ఉద్యోగులను సీనియారిటీ ప్రకారం కేటాయించారు. సీనియర్లు కోరుకున్న జిల్లాలకు వెళ్ళారు. జాబితాలో కింద ఉన్నవాళ్ళకు మిగిలిన చోట్లు దక్కాయి. అలా పక్క జిల్లా పట్టణంలో ఇల్లు కట్టుకున్న, పిల్లలను అక్కడ బడిలో వేసిన నలుగురు టీచర్లు మా మండలానికి వచ్చారు. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు, మా గూడెం పిల్లల తప్పు అంతకన్నా లేదు. అయినా ఆ నలుగురి బాధ ప్రతి ఉదయం బడి గడప దాటి లోపలికి వచ్చేది. వాళ్ళలో ఒకరు రోజూ రాను పోను 160 కిలోమీటర్లు అప్ అండ్ డౌన్ చేసేవారు. పదకొండు గంటలకు బడికి చేరేవారు. గూడెం పెద్ద పటేల్ వచ్చి ఫిర్యాదు చేస్తే నేను మెమో ఇచ్చాను. రెండో మెమో కూడా ఇచ్చాను. ఒక్కసారైనా ఆయన్ను కూర్చోబెట్టి, ఇక్కడ గది దొరకడం లేదా, ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం బాగాలేదా అని అడగలేదు. ఆయన భార్యకు డయాలసిస్ జరుగుతోందని ఆయన మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఫైలు నా టేబుల్ మీదకు వచ్చాక తెలిసింది. మెమో ఇవ్వడం నిబంధన ప్రకారం సరైనదే. ముందు కనుక్కోకపోవడం మాత్రం నా తప్పు. దాన్ని ఇప్పటికీ మోస్తున్నాను.

తర్వాత బదిలీల సంగతి. 2018 తర్వాత బదిలీలు మళ్ళీ 2023లో మొదలై, కోర్టు స్టేలతో ఆగి ఆగి సాగాయి. ఎస్జీటీల వంతు 2024 వేసవి దాటాక వచ్చింది. ఒకే చోట రెండేళ్ళు నిండితే దరఖాస్తు చేసుకోవచ్చు. ఎనిమిదేళ్ళు నిండితే కదలాల్సిందే. 2019లో వచ్చిన తొమ్మిది మందిలో ఏడుగురు పెట్టుకున్నారు. ఏడుగురికీ వచ్చింది. 317లో వచ్చిన నలుగురూ అంతకు ముందే స్పౌజ్ (భార్యాభర్తలు ఒకే చోట), మ్యూచువల్ (పరస్పర బదిలీ) కోటాల్లో వెళ్ళిపోయారు.

ఉండిపోయిన ఆ ఇద్దరు

ఆ ఇద్దరూ గోండులే. ఒకరిది మా మండలమే, ఇంకొకరిది పక్క మండలం. ఏజెన్సీ ప్రాంత బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న ఇచ్చిన 3వ నంబరు జీవో కింద వచ్చినవాళ్ళు. మండలంలో పదిహేనేళ్ళు దాటి పనిచేస్తున్న టీచర్ల జాబితా తీస్తే అందులో ఎక్కువమంది ఇలాంటివాళ్ళే. వాళ్ళు ఊరు వదలరు, ఎందుకంటే అది వాళ్ళ ఊరు. ఒకటో తరగతి పిల్లాడు గోండీలో ఏడిస్తే గోండీలోనే ఊరుకోబెడతారు. దీపావళి దగ్గర గోండులు చేసుకునే దండారి పండుగ రోజుల్లో హాజరు ఎందుకు పడిపోతుందో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగం ఒప్పుకోదని తేల్చింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని తీసేయవద్దని కూడా చెప్పింది. తీర్పులోని సమానత్వ వాదన నాకు అర్థమవుతుంది. మైదానంలో చదువుకున్న నిరుద్యోగి గోడు కూడా అర్థమవుతుంది. కానీ ఇరవై ఏళ్ళు ఏజెన్సీ బడులకు టీచర్లను తెచ్చి నిలబెట్టిన దారి మూసుకుపోయింది, దాని స్థానంలో ఇంకో దారి ఇంతవరకూ వేయలేదు. ఈ మాట మా సమావేశాల్లో నేను గట్టిగానే చెబుతాను.

ఇంకో దారి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మేము దూరం పోనక్కర్లేదు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చాక నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను గోండుల స్థితిగతులు చూసి రమ్మని పంపింది. ఆయన 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించారు. చదువుకున్న గోండులు దొరకని కాలం అది. అందుకని బయటి నుంచి టీచర్లను తెచ్చి గూడేల్లో వేయలేదు. గోండు యువకులకే చదువు నేర్పి, టీచర్లుగా తయారు చేసి, తిరిగి వాళ్ళ గూడేలకే పంపారు. వాచకాలు గోండీ భాషలో, దేవనాగరి లిపిలో అచ్చు వేయించారు. ముందు బడి కట్టి ఆ తర్వాత టీచర్ కోసం వెతికే మనకు, ముందు టీచర్‌ను తయారుచేసిన ఆ వరస ఇప్పటికీ పాఠమే.

ఎందుకు వెళ్ళారు?

రిలీవ్ అవుతున్న ఏడుగురితోనూ విడివిడిగా కూర్చుని మాట్లాడాను. టీ తాగుతూ, కాగితం పెన్ను లేకుండా. జీతం సంగతి వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా. 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం ఎస్జీటీ మొదటి మూల వేతనం 31,040 రూపాయలు. హైదరాబాద్‌లో పనిచేస్తే ఇంటి అద్దె భత్యం 24 శాతం, మా దగ్గర 11 శాతం. అంటే అదే ఉద్యోగానికి, అదే మూల వేతనం మీద నెలకు 4,035 రూపాయలు తక్కువ. ఏజెన్సీ అలవెన్స్ ఉన్నా ఈ తేడాను పూడ్చేంత కాదు. పట్నంలో అద్దెలు ఎక్కువ, నిజమే. కానీ వాగు దాటి వెళ్ళే టీచర్‌కు పెట్రోలు ఖర్చు ఉంటుంది, రెండు చోట్ల రెండు కాపురాలు ఉంటాయి. వాటి లెక్క ఎవరూ కట్టరు.

అయితే ఏడుగురిలో ఐదుగురు జీతం కన్నా ముందు చెప్పిన మాట వేరే ఉంది: సెలవు. ఏకోపాధ్యాయ బడిలో టీచర్ ఒక రోజు సీఎల్ పెడితే బడికి తాళం పడుతుంది. తాళం పడితే ఫోన్లు వస్తాయి, పేపర్లో వస్తుంది. అందుకని కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల గుంపు) హెడ్‌మాస్టర్ సెలవు ఇవ్వడానికి వెనకాడతారు. ఒక టీచర్ చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. ఆమె చెల్లెలి పెళ్ళికి ముహూర్తం రోజు ఒక్కటే సెలవు దొరికింది. "పెళ్ళికి చుట్టం లెక్క పోయి వచ్చిన సార్" అంది. విద్యా హక్కు చట్టం షెడ్యూలు ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలి. ఆ రెండో టీచర్ లేకపోవడం వల్ల పిల్లల చదువు దెబ్బతింటుందని అందరం అంటాం. ఉన్న ఒక్క టీచర్ జీవితం ఎంత ఇరుకవుతుందో ఎవరం మాట్లాడం.

రెండో మాట ఒంటరితనం. ఐదు తరగతులు, ముప్పై మంది పిల్లలు, మాట్లాడే పెద్ద మనిషి రోజంతా ఒక్కరూ లేరు. పాఠం బాగా చెప్పిన రోజు చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు, చెప్పలేకపోయిన రోజు అడగడానికీ ఎవరూ ఉండరు. మూడోది మొదటి జీతం. 2019 బ్యాచ్‌కు అది మూడో నెలలో గానీ పడలేదు. ఎంప్లాయీ ఐడీ, కంట్రిబ్యూటరీ పెన్షన్ (సీపీఎస్) కోసం ప్రాన్ అనే పెన్షన్ ఖాతా నంబరు, సర్వీస్ రిజిస్టర్, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి నా ఆఫీసులోనే నడిచాయి. ఆ ఆలస్యం నాదే. చేతిలో డబ్బు లేని ఆ మూడు నెలల్లో గది అడ్వాన్స్ కట్టలేక ఇద్దరు అప్ అండ్ డౌన్ అలవాటు చేసుకున్నారు. ఆ అలవాటు ఆ తర్వాత మారలేదు.

2024లో ఏం మార్చాం

ఈ నాలుగింటిలో జీతం ఎంత అన్నది తప్ప మిగతావి కొంతవరకైనా మండలం స్థాయిలో చేయగలిగినవే. అందుకే మొదటి జీతంతో మొదలుపెట్టాం. అక్టోబరు 16న జాయినింగ్ రిపోర్టులు తీసుకున్న వెంటనే అందరినీ మర్నాడు మళ్ళీ రమ్మన్నాం. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, సర్టిఫికెట్లు అన్నీ ఒకేసారి తెప్పించి, సర్వీస్ రిజిస్టర్లు అక్కడే తెరిచి, ప్రాన్ దరఖాస్తులు ఒక్క రోజులో నింపాం. మా ఎంఐఎస్ కోఆర్డినేటర్, ఇద్దరు సీఆర్పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) రాత్రి తొమ్మిది దాకా కూర్చున్నారు. పన్నెండు మందికీ నవంబరు జీతంతో పాటు అక్టోబరు బకాయి కూడా కలిసి పడింది. ఇందులో గొప్పేమీ లేదు, ఎప్పుడో చేయాల్సిన పని.

తర్వాత గది. మండల కేంద్రంలో పెళ్ళికాని ఆడపిల్లకు ఒంటరిగా ఇల్లు ఇవ్వడానికి చాలామంది ఒప్పుకోలేదు. రిటైరైన ఒక టీచర్ దంపతులతో మాట్లాడితే, వాళ్ళ ఇంట్లో వెనక పోర్షన్ ముగ్గురికి ఇచ్చారు. ఆ ముగ్గురి బడులూ ఒకే దారిలో ఉండటంతో రెండు స్కూటీలు కొని పంచుకుంటున్నారు. మిగతావాళ్ళకు వెతకడానికి నెల పట్టింది. ఇళ్ళ యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టాను.

సెలవుల సమస్యకు దొరికిన పరిష్కారం పూర్తిది కాదు. ఏకోపాధ్యాయ బడులను దగ్గర దగ్గరవి చూసి జంటలుగా కట్టాం. ప్రతి జంటకు పక్కనే ఉన్న పెద్ద బడి నుంచి ఒక టీచర్‌ను, ఒక సీఆర్పీని సెలవు రోజుల కోసం పేరు పెట్టి ఉంచాం. నెల మొదట్లోనే ఎవరికి ఏ రోజు సెలవు కావాలో వాట్సాప్ గ్రూపులో కాకుండా నాకు నేరుగా చెప్పమన్నాం, ఎందుకంటే గ్రూపులో అడగడానికి మొహమాటపడుతున్నారు. చార్ట్ తయారు చేసి కాంప్లెక్స్ హెడ్‌మాస్టర్లకు ఇస్తాం. అకస్మాత్తుగా జ్వరం వస్తే ఈ చార్ట్ పనిచేయదు. అప్పుడు ఇప్పటికీ తాళం పడుతోంది. కానీ తెలిసిన పెళ్ళికి, పరీక్షకు, ఆసుపత్రికి సెలవు దొరుకుతోంది. పెద్ద బడుల టీచర్లు మొదట్లో గొణిగారు. వాళ్ళలో చాలామంది ఒకప్పుడు ఒంటరి బడుల్లో పనిచేసినవాళ్ళే కాబట్టి సర్దుకున్నారు.

భాష కోసం మా గోండు టీచర్లు ఇద్దరు, ఒక కొలాం అంగన్‌వాడీ టీచర్ కలిసి రెండు వందల మాటల చిన్న పుస్తకం రాసిచ్చారు. ఆకలి, కడుపునొప్పి, భయం, ఇల్లు, అమ్మ, కూర్చో, మళ్ళీ చెప్పు. ఒకటో తరగతిలో మొదటి నెల కావలసిన మాటలు అవే. నీళ్ళను గోండీలో ఏర్ అంటారు. మన ఏరు మాటకు అది చుట్టమని చెబితే కొత్త టీచర్లు ఎంత సంబరపడ్డారో! పరాయి భాష అనుకున్నది కాస్త దగ్గరైనట్టు అనిపించి ఉంటుంది.

మేము అనుకోని మేలు

మేము ప్లాన్ చేసిన వాటికన్నా ఎక్కువ పనిచేసింది మేము అస్సలు అనుకోనిది. కొత్తవాళ్ళు చేరి సరిగ్గా మూడు వారాలకు, 2024 నవంబరు 6న సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే మొదలైంది. రాష్ట్రమంతా ఎస్జీటీలను ఎన్యూమరేటర్లుగా వేశారు. ప్రాథమిక బడులు ఒంటిపూట నడిచాయి. పాఠాలు పోతున్నాయని నాకు కోపం వచ్చింది, ఆ కోపం ఇప్పటికీ తప్పనుకోను. బోధన కాని పనులకు టీచర్లను వాడటాన్ని నేను సమర్థించను.

కానీ మా మండలంలో ఒక మంచి జరిగింది. కొత్త టీచర్లకు వీలైనంత వరకు వాళ్ళ బడి ఉన్న గూడేన్నే బ్లాకుగా ఇమ్మని తహసీల్దార్ గారిని అడిగాం, ఒప్పుకున్నారు. దాంతో మధ్యాహ్నం దాటాక వాళ్ళు తమ పిల్లల ఇళ్ళకే వెళ్ళారు. ప్రతి ఇంట్లో కూర్చున్నారు. ఎవరికి ఎంత భూమి ఉంది, ఎవరి నాన్న వలస పోయాడు, ఏ పిల్ల నాయనమ్మ దగ్గర పెరుగుతోంది, ఇవన్నీ రాసుకున్నారు. తాళంచెవి అందుకున్న ఆ అమ్మాయి సర్వే మూడో వారంలో నా దగ్గరకు వచ్చి, "సార్, మా బడిలో లేని పిల్లలు ఆరుగురు దొరికారు" అని చెప్పింది. వాళ్ళను బడిలో చేర్పించింది. జనవరిలో నాగోబా జాతరకు ఆమెను గూడెంవాళ్ళు తమ బండిలో కేస్లాపూర్ తీసుకెళ్ళారు. 2019 బ్యాచ్‌కు కరోనా దూరం చేసింది ఇదే. వాళ్ళూ మంచి టీచర్లే. ఊరి ఇళ్ళ లోపలికి వెళ్ళే అవకాశం వాళ్ళకు రాలేదు, నేనూ కల్పించలేదు.

2025 జూన్‌లో బడులు తెరిచాక ఈ పద్ధతిని సర్వే అవసరం లేకుండానే పెట్టాం. కొత్తగా బదిలీ మీద వచ్చిన ప్రతి టీచర్ మొదటి రెండు వారాలు సాయంత్రం ఒక గంట ఇళ్ళకు వెళ్తారు. మొదటి రోజు సీఆర్పీ, పటేల్ వెంట ఉంటారు. ఒక టీచర్ ఇది అదనపు పని అని అభ్యంతరం చెప్పారు. ఆయన్ను బలవంతం చేయలేదు.

ఫలించనివి

పన్నెండు మందిలో ఇద్దరు ఏడాది తిరక్కుండానే వేరే ఉద్యోగాలు వచ్చి వెళ్ళిపోయారు. ఇద్దరూ తెలివైనవాళ్ళు, డీఎస్సీతో పాటు గ్రూప్స్, గురుకుల పరీక్షలు కూడా రాసినవాళ్ళు. వాళ్ళను ఆపాలని నేను ప్రయత్నించలేదు. ఆపకూడదు కూడా. కానీ వాళ్ళ బడులు మళ్ళీ ఖాళీ అయ్యాయి, తర్వాతి డీఎస్సీ దాకా వాటిని ఎవరూ నింపలేరు. ఏళ్ళకోసారి వచ్చే డీఎస్సీ బదులు ప్రతి ఏడాది ఖాళీలను బట్టి చిన్న నోటిఫికేషన్ వస్తే, చదువుకునే పిల్లలు దొరికిన ప్రతి పరీక్షా రాసుకుంటూ పోయే పరిస్థితి కొంత తగ్గుతుందని నా నమ్మకం.

ఇంకో తప్పు నాది. తాళంచెవి అమ్మాయి బాగా పనిచేస్తోందని తొలిమెట్టు (చిన్న తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కల కార్యక్రమం) శిక్షణ, ఆన్‌లైన్ ఎంట్రీలు, బీఎల్‌ఓగా ఓటర్ల జాబితా పని, ఇలా ఒకదాని మీద ఒకటి ఆమెకే అప్పగించాను. ఒక రోజు ఆమె ఏడ్చింది. చేసేవాళ్ళ మీదే పని వేయడం మా శాఖలో పాత జబ్బు. పనిచేయనివాళ్ళతో చేయించడం కష్టం కాబట్టి చేసేవాళ్ళను వాడుకుంటాం, చివరికి వాళ్ళే ముందు అలసి వెళ్ళిపోతారు. ఇప్పుడు ఎవరికి ఏ అదనపు పని ఉందో గోడ మీద చార్ట్ పెట్టాను. ఒకరి పేరు రెండోసారి రాసేటప్పుడు నా చెయ్యి ఆగాలని.

అధికారుల సంగతి

టీచర్ల గురించి ఇంత మాట్లాడి, వాళ్ళను చూసుకోవలసిన మా గురించి చెప్పకపోతే సగం మాటే అవుతుంది. మండల విద్యాధికారి పోస్టుల్లో రెగ్యులర్‌గా వచ్చినవాళ్ళు చాలా ఏళ్ళుగా తక్కువ. ప్రభుత్వ, పంచాయతీరాజ్ టీచర్ల మధ్య ఉమ్మడి సర్వీసు నిబంధనల తగాదా కోర్టుల్లో నలిగి, ఆ ప్రమోషన్లు ఆగిపోయాయి. నాలాంటి హెడ్‌మాస్టర్లకు అదనపు బాధ్యత ఇస్తూ నెట్టుకొస్తున్నారు. నా హైస్కూల్‌లో పదో తరగతి ఉంది, కాంప్లెక్స్ ఉంది, పైన మండలం ఉంది. 2019లో మొదటి జీతం మూడు నెలలు ఆగిందంటే కారణాల్లో ఇదీ ఒకటి. సాకుగా చెప్పడం లేదు. ఒక మనిషి రెండు కుర్చీల్లో కూర్చుంటే ఫైళ్ళకు ఏమవుతుందో చెబుతున్నాను. ఇన్‌చార్జి మారిన ప్రతిసారి డీడీవో సంతకం మారే దాకా మండలం మొత్తం జీతాలు ఆగుతాయి.

హెడ్‌మాస్టర్ల విషయంలో కథ మరోలా ఉంటుంది. గెజిటెడ్ హెడ్‌మాస్టర్ పోస్టు చాలా జిల్లాలు కలిసిన మల్టీజోన్ స్థాయిది. ఎక్కడో దూర జిల్లాలో ఇరవై ఐదేళ్ళు స్కూల్ అసిస్టెంట్‌గా చేసి, యాభై దాటాక ప్రమోషన్ వస్తే మా మండలం హైస్కూల్ దొరుకుతుంది. కొందరు ప్రమోషనే వద్దని రాసిస్తారు. వచ్చినవాళ్ళు ఐదేళ్ళకు తప్పనిసరిగా మారాలి, చాలామంది రెండేళ్ళకే మారతారు. రెండేళ్ళలో ఒక హెడ్‌మాస్టర్‌కు బడి అర్థమవుతుంది, అంతే. టీచర్ నిలబడాలంటే వాళ్ళ మీద ఉన్న మనిషి ముందు నిలబడాలి. నేను నిలబడ్డాను కాబట్టి 2019లో చేసిన తప్పు 2024లో గుర్తుకొచ్చింది. నేను మారిపోయి ఉంటే ఆ వరండాలో ఆ ఇద్దరు టీచర్ల ముఖాలను కలిపి చూసేవాళ్ళు ఎవరూ ఉండేవారు కాదు.

2025 సెప్టెంబరు 1న టీచర్ అర్హత పరీక్ష టెట్ మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మా స్టాఫ్ రూముల్లో కొత్త టెన్షన్ తెచ్చింది. రిటైర్మెంట్‌కు ఐదేళ్ళకు మించి సర్వీసు ఉన్నవాళ్ళు రెండేళ్ళలో టెట్ పాస్ కావాలి. ప్రమోషన్ కావాలన్నా టెట్ ఉండాలి. మా మండలంలో ఉండిపోయిన పాత గోండు టీచర్లలో టెట్ అమల్లోకి రాకముందు ఉద్యోగంలో చేరినవాళ్ళు ఉన్నారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పిన చేతులతో మళ్ళీ బిట్ బ్యాంకులు పట్టుకున్నారు. కొత్తగా వచ్చిన డీఎస్సీ టీచర్లు ఆదివారాలు ఎంఆర్‌సీలో వాళ్ళకు సైకాలజీ, మెథడాలజీ చెబుతున్నారు. ఇది మేము పెట్టిన కార్యక్రమం కాదు. వాళ్ళంతట వాళ్ళే మొదలుపెట్టారు.

ఇప్పుడు ఎక్కడ ఉన్నాం

పన్నెండు మందిలో పది మంది ఉన్నారు. ఆ పది మందిలో ఏడుగురు మండలంలోనే ఉంటున్నారు, ముగ్గురు అప్ అండ్ డౌన్. దీన్ని నేను విజయం అనను. రెండేళ్ళు నిండితే గానీ వాళ్ళు బదిలీకి దరఖాస్తు చేసుకోలేరు కాబట్టి అసలు పరీక్ష తర్వాతి కౌన్సెలింగే. పిల్లల పెంపకం, పెద్దవాళ్ళ ఆరోగ్యం, భార్యాభర్తలు ఒక చోట ఉండటం, ఇవి న్యాయమైన కారణాలు. వాటి కోసం ఎవరైనా వెళ్తే సంతోషంగా రిలీవ్ చేస్తాను. సెలవు దొరకలేదనో, పలకరించేవాళ్ళు లేరనో ఎవరూ వెళ్ళకూడదని నా ఆశ.

స్థానిక టీచర్ల దారి కోసం చిన్న ప్రయత్నం ఒకటి చేస్తున్నాం. కొలాం గూడెం నుంచి ఇంటర్ పూర్తి చేసిన ఒక అమ్మాయి ఆదిలాబాద్ టీచర్ల శిక్షణ కళాశాల డైట్‌లో డీఈడీ చదువుతోంది. ఆమె తన గూడెం నుంచి ఆ చదువుకు వెళ్ళిన మొదటి ఆడపిల్ల. సెలవుల్లో వచ్చినప్పుడు తాళంచెవి అమ్మాయి బడిలో ఒకటో తరగతి పిల్లలకు కథలు చెబుతుంది, కొలామీలో. ఆమె పుస్తకాల ఖర్చు మా టీచర్లు కొందరు పంచుకుంటున్నారు. ఇంకో నలుగురు ఇంటర్ పిల్లల పేర్లు రాసుకున్నాం.

నేను త్వరలో రిటైర్ అవుతున్నాను. నా కుర్చీలోకి ఎవరు వస్తారో, రెగ్యులర్‌గా వస్తారో ఇన్‌చార్జిగా వస్తారో తెలియదు. అప్పగించడానికి ఒక ఫైలు తయారు చేశాను. అందులో ఇళ్ళ యజమానుల ఫోన్ నంబర్లు, సెలవుల చార్ట్, జంట బడుల జాబితా, రెండు వందల మాటల పుస్తకం ఆరు కాపీలు, జాయినింగ్ మర్నాడు చేయాల్సిన కాగితాల వరస ఉన్నాయి. చివరి పేజీలో ఒక్కొక్క టీచర్ పేరు, వాళ్ళ ఇంట్లో ఎవరు ఉన్నారు, ఎవరి ఆరోగ్యం బాగాలేదు, ఎవరికి చిన్నపిల్లలు ఉన్నారు అని రాసి, పైన పెన్సిల్‌తో "మెమో ఇచ్చే ముందు చూడండి" అని పెట్టాను.